రాత్రి ఏడున్నర అయితే చాలు, రోవర్‌కి ఫిక్స్ పోతోంది. తప్పు మెషీన్‌దా, ఆకాశానిదా?

లెవెల్ పుస్తకం (23 మార్చి 2025)

అందరికీ నమస్కారం. నేను రోడ్డు కాంట్రాక్టరు దగ్గర సర్వేయర్‌ని, తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఇప్పుడు నెల్లూరు, కావలి మధ్య ఒక రోడ్డు పని మీద ఉన్నాను. మార్చి మొదలవగానే ఎండకి మనుషులు నిలబడలేకపోతున్నారని మా ఇంజినీరు గారు మార్కింగ్ పనంతా సాయంత్రానికి మార్చారు. నాలుగున్నరకి దిగితే రాత్రి పది దాకా అక్కడే. నా తిప్పలు అప్పుడే మొదలయ్యాయి.

ఆరున్నర దాకా రోవర్ (ఉపగ్రహాల సిగ్నల్‌తో చోటు, ఎత్తు కొలిచే పోల్ మీది మెషీన్) బంగారంలా పనిచేస్తుంది, పోల్ నిలబెట్టిన పది సెకన్లలో ఫిక్స్ పడిపోతుంది, అంటే సెంటీమీటర్ల లెక్కన చోటు తేలిపోతుంది. ఏడుంపావు, ఏడున్నర మధ్యలో ఏమవుతుందో ఏమో, ఇరవై ఆరు ఉపగ్రహాలు చూపిస్తున్నది కాస్తా పద్నాలుగుకి, పదకొండుకి దిగుతుంది, ఫిక్స్ పోయి ఫ్లోట్‌లో (ఉజ్జాయింపు లెక్కలో) పడుతుంది, పదిహేను నిమిషాలకి మళ్ళీ వస్తుంది, ఓహో అనుకునేలోపు మళ్ళీ పోతుంది. బేస్ (కదలకుండా ఒకచోట ఉండి రోవర్‌కి సవరణలు పంపే మెషీన్) మాదే, రెండున్నర కిలోమీటర్ల దూరంలో స్కూలు మేడ మీద ట్రైపాడ్‌కి కట్టి ఉంది. రేడియో లింకు బ్రహ్మాండంగా ఉంది, బ్యాటరీ నిండుగా ఉంది, పైన చెట్టు లేదు, కరెంటు తీగ లేదు. మబ్బు అసలే లేదు.

ఫ్లోట్ అయితే పని ఆపేసి కూర్చుంటాం, అది వేరే సంగతి. అసలు భయం ఇంకొకటి. కల్వర్టు పిట్టగోడ మీద ఎర్ర పెయింటుతో చుక్క పెట్టుకున్నాను, రోజూ పని మొదలుపెట్టేముందు పోల్ దాని మీద పెట్టి చూసుకుంటాను. మొన్న బుధవారం సాయంత్రం ఐదింటికి ఎత్తు సరిగ్గా వచ్చింది. రాత్రి ఎనిమిదింబావుకి అదే చుక్క మీద పెడితే 62 సెంటీమీటర్లు ఎక్కువ చూపించింది, అదీ తెర మీద ఫిక్స్ అని పచ్చగా వెలుగుతుండగా! పోల్ పట్టుకున్న మా కుర్రాడు "సార్, కల్వర్టు చీకటి పడ్డాక లేచి నిలబడుతోందేమో" అన్నాడు. వాడికి నవ్వులాట, నాకు ఉద్యోగం.

మెషీన్ అమ్మినాయన యాంటెన్నా పోయిందన్నాడు, డబ్బు కట్టి మార్పించాం, తేడా ఏమీ లేదు. ఫర్మ్‌వేర్ అన్నాడు, అదీ ఎక్కించాం. మధ్యలో రెండు మూడు రాత్రులు ఏ గొడవా లేకుండా పది దాకా చక్కగా పనిచేసింది, దాంతో మా ఇంజినీరు గారికి మెషీన్ మీద కాదు, నా మీద అనుమానం వచ్చింది. ఎవరికైనా ఇలా జరిగిందా?


టవర్ కింద చెట్టు

బ్రదర్, రెండే కారణాలు. ఒకటి, చవక మెషీన్. రెండు, 5జీ టవర్. సాయంత్రం అందరూ ఇళ్ళకి చేరి ఫోన్లు పట్టుకుంటారు, టవర్ల మీద లోడ్ పెరుగుతుంది, నీ సిగ్నల్‌ని తొక్కేస్తుంది. మా ఊళ్ళో డీటీహెచ్ కూడా రాత్రిపూటే గీతలు పడుతుంది. సైట్‌కి దగ్గర్లో టవర్ ఉందేమో చూసుకో.


గాదంకి దారి

లెవెల్ పుస్తకం గారూ, మీ మెషీన్‌కి ఏమీ కాలేదు. యాంటెన్నాకి కట్టిన డబ్బు దండగ. మీరు చెప్పిన నాలుగు ముక్కలు, అంటే మార్చి నెల, సూర్యుడు కుంకిన గంటకి మొదలవడం, వచ్చి పోతూ ఉండడం, కొన్ని రాత్రులు అసలు లేకపోవడం, ఇవి కలిపితే వచ్చే పేరు ఒక్కటే: ప్లాస్మా బుడగలు. నేను ఈ సబ్జెక్టు మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, తిట్టుకోకండి.

మీ రోవర్ వినే ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి. అక్కడి నుంచి బయల్దేరిన సిగ్నల్ చివరి వెయ్యి కిలోమీటర్లలో అయనోస్ఫియర్‌ని దాటుకుని రావాలి. పగలు సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు తగిలి అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, అలా ఎలక్ట్రాన్లు విడిపడి ఉన్న గాలినే ప్లాస్మా అంటారు. 300 కిలోమీటర్ల ఎత్తు ఆ చుట్టుపక్కల అవి అన్నిటికంటే చిక్కగా ఉంటాయి, ఒక ఘనపు సెంటీమీటరులో సుమారు పది లక్షల ఎలక్ట్రాన్లు. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ, అక్కడ కూడా వెయ్యి అణువుల్లో ఏ ఒక్కదానికో ఎలక్ట్రాన్ ఊడుతుంది, మిగతాదంతా మామూలు గాలే, అదీ చాలా పల్చటి గాలి. ఆ ఒక్క వంతే మన జీపీఎస్ సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది. సూర్యుడు జోరుగా ఉన్న ఏళ్ళలో మిట్టమధ్యాహ్నం నడినెత్తి నుంచి నిలువుగా వచ్చే సిగ్నల్‌కే ఆ ఆలస్యం పది, పదిహేను మీటర్ల దూరానికి సమానం. మీకు అది కనపడదు, ఎందుకంటే మీ బేస్‌కీ రోవర్‌కీ ఒకే ఆకాశం, ఒకే ఆలస్యం, తీసివేతలో పోతుంది. పైగా రెండు మూడు ఫ్రీక్వెన్సీలు వింటారు కాబట్టి లెక్క కట్టి తీసేయొచ్చు కూడా.

అసలు కథ సూర్యుడు కుంకాక. శ్రీహరికోటలో సందెవేళ రాకెట్ వదిలితే మీ నెల్లూరు నుంచి చూసే ఉంటారు, కింద చీకటి, పైన పొగ మాత్రం వెండిలా మెరుస్తుంటుంది. అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంది కాబట్టి. అయనోస్ఫియర్‌కీ అంతే. మనకి కుంకిన నలభై నిమిషాలకి 110 కిలోమీటర్ల ఎత్తున ఉన్న కింది పొరకి (ఇంగ్లీషు అక్షరం E పేరుతో పిలిచేది) చీకటి పడుతుంది, 300 కిలోమీటర్ల దగ్గర ఎఫ్ పొరకి గంటా పది నిమిషాలు పడుతుంది. కింది పొరలో గాలి కొంచెం చిక్కన, ఎలక్ట్రాన్లు వెంటనే తమ జతల్ని వెతుక్కుని కలిసిపోతాయి, పొర దాదాపు మాయమవుతుంది. పైన గాలి పల్చన, కలవడానికి తోడు దొరకదు, రాత్రంతా ఎలక్ట్రాన్లు మిగిలే ఉంటాయి.

ఇప్పుడు భూ అయస్కాంత రేఖ సంగతి. మనకి దగ్గర్లో అయస్కాంత భూమధ్యరేఖ కేరళ, తమిళనాడుల దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963 నవంబర్ 21న మన మొదటి రాకెట్ ఎగరడానికి తుంబాని ఎంచుకున్నది అందుకే. అక్కడ అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా, దక్షిణం నుంచి ఉత్తరానికి పడుకుని ఉంటుంది. పగలు దానికి అడ్డంగా తూర్పు వైపు విద్యుత్ క్షేత్రం ఉంటుంది, రెండూ కలిసి ప్లాస్మాని పైకి నెడుతుంటాయి. సూర్యాస్తమయం అప్పుడు కింది పొర చచ్చిపోయేసరికి, పైన వీచే గాలి వల్ల ఆ విద్యుత్ క్షేత్రం తగ్గాల్సింది పోయి ఒక్కసారి పుంజుకుంటుంది. దీపం ఆరిపోయే ముందు పెద్దగా వెలిగినట్టు అనుకోండి. దాంతో ఎఫ్ పొర మొత్తం గబగబా పైకి లేస్తుంది, కొన్ని రోజుల్లో గంటలోపే నూరు కిలోమీటర్లు. కింద అంచు మాత్రం కత్తితో కోసినట్టు అయిపోతుంది: పైన చిక్కటి బరువు ప్లాస్మా, దాని కింద ఏమీ లేనంత పల్చన.

బరువైనది పైన, తేలికది కింద ఉంటే ఎంతసేపు నిలుస్తుంది? రాగి జావ కాచేటప్పుడు అడుగున ఒక బుడగ పుట్టి చిక్కటి జావని చీల్చుకుని పైకొచ్చి టప్ మంటుంది కదా, అదే పని. కింది పల్చన ప్లాస్మా బుడగలై ఎఫ్ పొరలోకి చొచ్చుకుపోతుంది. ఇవేం చిన్నవి కావు, పదుల నుంచి వంద కిలోమీటర్ల వెడల్పు ఉంటాయి, పైకి వెయ్యి కిలోమీటర్లు దాటేవి కూడా ఉన్నాయి. వాటి గోడలు నున్నగా ఉండవు, చీలికలు పేలికలు. అందులో కొన్ని వందల మీటర్ల సైజు చీలికలే మీ జీపీఎస్ సిగ్నల్‌కి శత్రువులు. నక్షత్రం మినుకుమన్నట్టు ఉపగ్రహం సిగ్నల్ మినుకుతుంది, సెకనులో బలం పడిపోయి లేస్తుంది, రిసీవర్ పట్టు వదిలేస్తుంది. మీ ఇరవై ఆరు పదకొండు అయ్యింది ఇలా.

62 సెంటీమీటర్ల సంగతి. రోవర్ దూరాన్ని రేడియో తరంగాల లెక్కతో కొలుస్తుంది, జీపీఎస్ పంపే ఎల్1 అనే తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. మధ్యలో పట్టు వదిలితే ఎన్ని తరంగాలు లెక్కపెట్టానో మర్చిపోయి మళ్ళీ ఊహించుకోవాలి. తప్పు ఊహ మీద కూడా ధైర్యంగా ఫిక్స్ అనేస్తుంది. మెషీన్ అబద్ధం ఆడలేదు, తప్పు నమ్మింది.

మార్చిలోనే ఎందుకంటే, మన రేఖాంశం దగ్గర విషువత్తు రోజుల్లో, అంటే మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్, పగటికీ రాత్రికీ మధ్య ఉండే చీకటి గీత అయస్కాంత రేఖలతో దాదాపు సమాంతరంగా వస్తుంది. ఒక అయస్కాంత రేఖ రెండు కొసలకీ, ఇటు ఉత్తరానా అటు దక్షిణానా, ఒకేసారి చీకటి పడుతుంది, స్విచ్ ఒకేసారి ఆపినట్టు. అప్పుడు ఆ పుంజుకోవడం బలంగా ఉంటుంది. పైగా ఇప్పుడు సూర్యుడి పదకొండేళ్ళ చక్రం శిఖరం మీద ఉంది, మొన్న అక్టోబర్‌లోనే నాసా, నోవా ప్రకటించాయి. 2019, 2020లో ఇదే పని చేసి ఉంటే మీకు ఈ గొడవ చాలా తక్కువగా తగిలేది.


లెవెల్ పుస్తకం

అయ్య బాబోయ్. సార్, చాలా థాంక్స్, రెండుసార్లు చదివాను, మా ఇంజినీరు గారికి కూడా పంపాను. 2019లో నేను ఒంగోలు వైపు రాత్రిపూట పనిచేశాను, నిజమే, ఒక్కసారి కూడా ఇలా కాలేదు, అందుకే మెషీన్ పాడైందనుకున్నాను.

రెండు డౌట్లు. మా పెదనాన్న కొడుకు ఢిల్లీ దగ్గర ఇదే మోడల్ వాడుతున్నాడు, వాడికి రాత్రిపూట పెద్దగా ఇబ్బంది లేదంటాడు. అదెలా? ఇంకోటి, అయస్కాంత భూమధ్యరేఖ కేరళ కింద ఉంటే బుడగ మా కావలి పైకి ఎందుకొచ్చింది?


పాత ట్రాన్సిస్టర్

గాదంకి బాబు చక్కగా రాశాడు, అయితే రాగి జావ దగ్గర ఒక్క మాట. జావలో బుడగ లేచేది కింద మంట ఉండబట్టి, అడుగున ఆవిరి పుట్టబట్టి. ఇక్కడ మంట లేదు, వేడి పని లేదు, కేవలం బరువు పని. సీసాలో నీళ్ళు, నూనె పోసి ఠక్కున తలకిందులు చేస్తే నూనె నీళ్ళని చీల్చుకుంటూ వేళ్ళు వేళ్ళుగా పైకి పోతుంది చూడు, అదీ పోలిక. రేలీ-టేలర్ అస్థిరత అని పుస్తకాల్లో ఉండేది అదే.

నేను నలభై ఏళ్ళుగా హామ్ రేడియో వాణ్ణి, ఉద్యోగం వేరే, పిచ్చి ఇది. మీరంతా జీపీఎస్ వచ్చాక దీన్ని చూస్తున్నారు గానీ ఈ సాయంత్రపు అల్లరి 1938 నుంచీ తెలిసిందే. పెరూలో హువాన్‌కాయో అనే చోట బుకర్, వెల్స్ అని ఇద్దరు రేడియో తరంగాలు నిట్టనిలువుగా పైకి పంపి తిరిగొచ్చే ప్రతిధ్వని గీత గీయించేవారు. పగలు ఆ గీత సన్నగా, ముగ్గు గీతలా వచ్చేది. కొన్ని రాత్రులు తడి కాగితం మీద ఇంకు పాకినట్టు అంతా అలుక్కుపోయి వచ్చేది. దానికి స్ప్రెడ్ ఎఫ్ అని పేరు పడింది, ఆ పేరే ఇప్పటికీ ఉంది. హువాన్‌కాయో కూడా అయస్కాంత భూమధ్యరేఖ మీదదే, మన తుంబా లాగా.

అసలు పైన అద్దం లాంటిది ఒకటి ఉందని అనుమానం వచ్చింది 1901లో మార్కోని సిగ్నల్ అట్లాంటిక్ దాటినప్పుడు. నేల గుండ్రం కదా, రేడియో తిన్నగా పోవాలి కదా, ఎలా వంగింది అని. మర్నాటి ఏడాది హెవిసైడ్, కెనెలీ ఎవరికి వారు పైన విద్యుత్ పొర ఉండాలన్నారు. 1924లో యాపిల్టన్ దాని ఎత్తు కొలిచి చూపించాడు, 1947లో నోబెల్ వచ్చింది. మన వాల్తేరులో కూడా ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు మొదలుపెట్టిన అయనోస్ఫియర్ పరిశోధన ఒక బడి లాంటిది, అక్కడ చదివినవాళ్ళు దేశమంతా ఈ పని మీద ఉన్నారు.

చిన్నప్పుడు మా ఇంట్లో చెక్క రేడియోలో పగలు విజయవాడ తప్ప ఏమీ వచ్చేది కాదు, రాత్రి అన్నాలయ్యాక ముల్లు తిప్పితే ఎక్కడెక్కడి మీడియం వేవ్ స్టేషన్లో, అర్థం కాని భాషలు కూడా. పగలు అన్నిటికంటే కింద, అరవై నుంచి తొంభై కిలోమీటర్ల దగ్గర డి పొర ఉండి మీడియం వేవ్‌ని మింగేస్తుంది. చీకటి పడగానే అది పోతుంది, పైన అద్దం మిగులుతుంది. ఒకే చీకటి మీ జీపీఎస్‌కి శాపం, మా మీడియం వేవ్‌కి వరం. నవ్వొస్తుంది.


గాదంకి దారి

గురువుగారూ, జావ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను, నూనె సీసాయే కరెక్టు. మా గైడ్ చూసి ఉంటే ఇంకో నాలుగు మాటలు పడేవి.

లెవెల్ పుస్తకం గారూ, మీ రెండు డౌట్లకీ జవాబు ఒకటే. ప్లాస్మా అయస్కాంత రేఖకి కట్టేసిన పూసల దండ లాంటిది, రేఖకి అడ్డంగా దానంతట అది పోలేదు, వెంబడి మాత్రం హాయిగా జారుతుంది. భూమధ్యరేఖ మీద ఎత్తున ఉన్న రేఖ వంగి రెండు వైపులా నేలకి దిగుతుంది కదా. అక్కడ బుడగ 430 కిలోమీటర్ల ఎత్తుకి ఎక్కితే, ఆ రేఖ మీ కావలి పైన 300 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. హైదరాబాద్, విశాఖ పైకి రావాలంటే అక్కడ 600 కిలోమీటర్ల దాకా ఎక్కాలి. ఢిల్లీ పైకి చేరాలంటే భూమధ్యరేఖ మీద 1,300 కిలోమీటర్లు దాటాలి, అంత ఎత్తుకి ఎక్కే బుడగలు తక్కువ. మీ అన్న అదృష్టం అదీ. అలాగని ఉత్తరాది వాళ్ళంతా సుఖంగా ఉన్నారనుకోకండి. భూమధ్యరేఖ దగ్గర పైకి ఎక్కిన ప్లాస్మా ఫౌంటెన్ నీళ్ళలా రెండు పక్కలా జారి అహ్మదాబాద్, భోపాల్, కలకత్తా వరస మీద గుట్ట పడుతుంది, అసలు భూమధ్యరేఖ మీదకంటే అక్కడే ఎక్కువ చిక్కన. అంత చిక్కటి చోట బుడగ చొరబడితే మినుకు మరీ ఘోరం.

నేను పేరు పెట్టుకున్న గాదంకి, తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఉంటుంది. బస్సులో పోతుంటే కొండల మధ్య ఆ ఊరు వస్తుంది, చాలామందికి తెలియదు. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. గిన్నె ఆకారం యాంటెన్నా కాదు, 130 మీటర్ల చదరపు స్థలంలో 1,024 యాగీ యాంటెన్నాలు మొక్కజొన్న చేనులా వరసలుగా నిలబెట్టి ఉంటాయి, పాత టీవీ యాంటెన్నాలు గుర్తున్నాయి కదా, ఆ జాతివే, కాకపోతే మొనలు ఆకాశం వైపు. అది మూడు మీటర్ల లోపు చీలికల నుంచి వచ్చే ప్రతిధ్వని వింటుంది. ఏడున్నర దాకా తెర ఖాళీ, తర్వాత కింద ఒక సన్నటి ఎర్ర గీత, ఇంకాసేపటికి దాని మీంచి వరిగడ్డి తగలబెట్టినప్పటి పొగలా వంకరగా పైకి లేచే బొమ్మ. మొదటిసారి చూసినప్పుడు నేను టీ కప్పు అక్కడే మర్చిపోయాను. పెరూలో జికమార్కా రాడార్‌తో వుడ్‌మన్, లా హోజ్ 1976లో ఇలాంటి బొమ్మలు ప్రచురించి, బుడగల ఊహకి ప్రాణం పోశారు.

కొన్ని రాత్రులు ఎందుకు రాదంటే, అదే మా అందరి తలనొప్పి. నెల చెప్పగలం, గంట చెప్పగలం, ఈ రాత్రి వస్తుందా రాదా అని మధ్యాహ్నమే గట్టిగా చెప్పడం ఇంకా కష్టం. పొర ఎంత ఎత్తు లేచింది, కింది నుంచి వచ్చే గాలి అలలు దాన్ని ఎంత ఊపాయి, అయస్కాంత తుపాను ఏమైనా ఉందా, ఇన్ని కలవాలి. తుపాను కూడా ఒకసారి బుడగల్ని పుట్టిస్తుంది, ఇంకోసారి నొక్కేస్తుంది, అది వచ్చిన గంటని బట్టి.


టవర్ కింద చెట్టు

సరే సార్, మీరంతా పీహెచ్‌డీలు, ఒప్పుకుంటాను. కానీ టవర్ కాదని ఎలా తేల్చారు? సైట్ చూడలేదు, మెషీన్ చూడలేదు. సాయంత్రం ఏడున్నరకి బుడగ అంటే బుడగ అనేయడమేనా?


టూ పెగ్ టెస్ట్

న్యాయమైన ప్రశ్న, దీనికి నేను చెప్తాను, సర్వేయర్లకి అర్థమయ్యే భాషలో. (పేరు చూసి తాగుబోతు అనుకోకండి, లెవెల్ మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష పేరది.)

ఇంటర్‌ఫియరెన్స్ అయితే ఆ బ్యాండ్‌లో ఉన్న ఉపగ్రహాలన్నీ ఒకేసారి కుంగుతాయి, పది గజాలు జరిగితే మారుతుంది, ఇంకో ఊరు పోతే పోతుంది. బుడగ అలా కాదు. అది రాత్రిపూట పడమర నుంచి తూర్పుకి కొట్టుకుపోతుంది, సెకనుకి వంద మీటర్లకి అటూ ఇటూగా, అంటే గంటకి సుమారు మూడు వందల అరవై కిలోమీటర్లు. కాబట్టి కంట్రోలర్‌లో స్కైప్లాట్ (ఏ ఉపగ్రహం ఆకాశంలో ఏ దిక్కున ఉందో చూపే పటం) తెరిచి పెట్టుకుని సిగ్నల్ బలం అంకెలు చూస్తుండండి. ముందు పడమటి దిక్కు ఉపగ్రహాలు 45 నుంచి 30కి, 25కి ఊగుతాయి, తూర్పువి రాయిలా ఉంటాయి. పావుగంట పోయాక నెత్తి మీదవి ఊగుతాయి, పడమటివి తేరుకుంటాయి. ఆ తర్వాత తూర్పువి. ఊరేగింపు వీధి దాటినట్టు ఉంటుంది. టవర్‌కి ఇలా ఊరేగే తెలివి లేదు. లెవెల్ పుస్తకం, రేపు రాత్రి ఇది చూసి చెప్పు తమ్ముడూ.

ఇక పని ఎలా చేసుకోవాలి. నేను హైదరాబాద్ చుట్టుపక్కల పనిచేస్తాను, 2013, 2014లో గత చక్రం శిఖరం అప్పుడు ఇదే తిన్నాను, తెలిసి రావడానికి ఒక నెల పట్టింది. కంట్రోల్ పాయింట్లన్నీ (మిగతా కొలతలకి ఆధారంగా పెట్టుకునే గుర్తులు) పగలే స్టాటిక్‌లో, అంటే మెషీన్‌ని కదపకుండా చాలాసేపు ఉంచి, కొట్టేసుకో. రాత్రి మార్కింగ్‌కి రోవర్ పక్కన పెట్టి టోటల్ స్టేషన్ (కాంతి కిరణంతో దూరం, కోణం కొలిచే మెషీన్) దింపు, రెండు కంట్రోల్ పాయింట్లు కనపడితే చాలు, దానికి ఆకాశంతో పనే లేదు. రోవరే వాడక తప్పదంటే జీపీఎస్, యూరప్ వాళ్ళ గెలీలియో లాంటి నాలుగు రకాల ఉపగ్రహాలూ ఆన్ చెయ్, దిగువన పదిహేను, ఇరవై డిగ్రీల లోపు ఉన్నవాటిని వదిలెయ్, అవి అయనోస్ఫియర్‌లో ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. మరీ కోసేశావంటే ఉపగ్రహాలు చాలవు, అది నువ్వే చూసుకోవాలి. బేస్ దగ్గరగా ఉంటే ఆలస్యం తేడా తగ్గుతుంది గానీ సిగ్నల్ మినుకుకి దగ్గరా దూరం లేదు, బేస్ గుడ్డిదైనా రోవర్ గుడ్డిదైనా ఒకటే.

ఫిక్స్ పడిందని నమ్మకు. ప్రతి పాయింట్‌కీ ఒకసారి కొట్టి, పోల్ తలకిందులు చేసి ఫిక్స్ పోగొట్టి, మళ్ళీ పడనిచ్చి రెండోసారి కొట్టు. రెండూ రెండు సెంటీమీటర్లలో కలిస్తేనే పుస్తకంలో రాయి. నీ ఎర్ర చుక్క అలవాటు ఉంది చూశావా, అదే నిన్ను కాపాడింది, లేకపోతే ఆ 62 సెంటీమీటర్లు కాంక్రీటులో ఉండేవి.

ఇంకో మాట, ఇదంతా మీ ఇంజినీరు వింటే: రాత్రి ఎందుకు, తెల్లవారుజామున నాలుగింటికి దిగండి. అప్పటికి బుడగలు చాలావరకు సద్దుమణిగి ఉంటాయి, ఎండా ఉండదు.


గాదంకి దారి

పెగ్ గారు చెప్పిన స్కైప్లాట్ పరీక్ష నూటికి నూరు. నేను చేర్చేది ఒక్కటే, ముడి డేటా రికార్డింగ్ ఆన్‌లో పెట్టండి, సెకనుకి ఒకటి చాలు.

నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు ఉపగ్రహాలు) సంగతి ఎవరైనా అడుగుతారని ముందే రాస్తున్నాను. నావిక్‌లో ఎల్5 అనే ఫ్రీక్వెన్సీతో పాటు ఎస్ బ్యాండ్ కూడా ఉంది, 2,492 మెగాహెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే అయనోస్ఫియర్ ఆలస్యం నాలుగో వంతుకి పడిపోతుంది, మినుకు కూడా తక్కువే. కానీ మార్కెట్లో దొరికే రోవర్లలో ఎస్ బ్యాండ్ అరుదు, ఎల్5 ఏమో ఎల్1 కంటే ఎక్కువ దెబ్బ తింటుంది. విమానాల కోసం జీపీఎస్ లెక్కని సరిదిద్దడానికి ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్‌కి కూడా అసలు పరీక్ష ఈ అయనోస్ఫియరే, అమెరికా మీద పనిచేసే లెక్కలు తెచ్చి మన నెత్తి మీద పెడితే కుదరదు, ఇక్కడి ఆకాశానికి ఇక్కడి మోడల్ కట్టుకోవాల్సి వచ్చింది.


పాత ట్రాన్సిస్టర్

పాపం సర్వేయర్లే కాదు. 2002 మార్చి 4న అఫ్గానిస్తాన్‌లో తాకుర్ ఘర్ కొండ మీద అమెరికా సైనికులకి ఉపగ్రహ రేడియోలో హెచ్చరిక అందలేదు, ఒక హెలికాప్టర్ శత్రువుల మధ్యలోకి దిగింది. దానికి ప్లాస్మా బుడగ కూడా ఒక కారణమై ఉండొచ్చని 2014లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు ఒక పేపర్ రాశారు. నెల చూశారా? మార్చే.


లెవెల్ పుస్తకం (27 మార్చి)

పెగ్ అన్నా, నిన్న రాత్రి స్కైప్లాట్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 7:34కి పడమట ఒక గెలీలియో, ఒక జీపీఎస్ ఊగడం మొదలైంది. తూర్పున ఉన్నవన్నీ 46, 47 దగ్గర కదల్లేదు. 7:55కి నెత్తి మీదవి. 8:10కి పడమటివి మళ్ళీ 44. ఊరేగింపే! మా కుర్రాడు "సార్, ఇప్పుడు మన పైనుంచి పోతోందా" అని మెడ వెనక్కి వంచి చూస్తున్నాడు, ఒక్క చుక్క కూడా చెదరని ఆకాశం. మళ్ళీ 8:40కి రెండోది వచ్చింది.

టవర్ బ్రదర్, మా సైట్‌కి టవర్ నాలుగు వందల మీటర్లలోనే ఉంది, నేను చెప్పలేదు. పగలంతా దాని కిందే పనిచేస్తున్నాను, ఏమీ కాదు.


టవర్ కింద చెట్టు

సరే, టవర్‌ని వదిలేశాను. డీటీహెచ్ గీతలు మాత్రం బుడగే అంటారా?


గాదంకి దారి

కాదండీ, డీటీహెచ్ ఫ్రీక్వెన్సీ పది గిగాహెర్ట్జ్ పైన, ఈ బుడగల్ని పట్టించుకోదు. దాన్ని ఏడిపించేది వాన. వాన లేకుండా గీతలు పడుతుంటే ముందు కనెక్టర్ చూడండి, తుప్పు పట్టి ఉంటుంది.


లెవెల్ పుస్తకం (19 జూన్)

పాత దారాన్ని పైకి తెస్తున్నాను, ఏమైందో చెప్పకపోతే బాగుండదు. మా ఇంజినీరు గారు తెల్లవారుజాముకి ఒప్పుకోలేదు, కూలీలు రారన్నారు, అది నిజమే. రాత్రి మార్కింగ్‌కి టోటల్ స్టేషన్ దింపాం. రోవర్‌ని మాత్రం రోజూ ఏడు నుంచి పదిన్నర దాకా స్కూలు మేడ మీద ఊరికే ఆన్ చేసి పెట్టి, ఫిక్స్ పోయిన టైములు లెవెల్ పుస్తకం వెనక పేజీల్లో రాస్తూ వచ్చాను. ఏప్రిల్‌లో 30 రాత్రుల్లో 19 రాత్రులు పోయింది. మేలో 31కి 8, అదీ ఎక్కువ మొదటి రెండు వారాల్లోనే. జూన్‌లో ఇప్పటిదాకా ఒకే ఒక్కసారి, అదీ ఆరు నిమిషాలు.

ఎర్ర చుక్క దగ్గర నిన్న రాత్రి తొమ్మిదింటికి పోల్ పెడితే ఒక సెంటీమీటరు తేడా. గాదంకి సార్, ఆ పేజీలు ఫోటో తీసి పంపితే మీకు పనికొస్తాయా? అక్షరాలు బాగోవు గానీ టైములు కరెక్టే. ముడి డేటా కూడా ఉంది, సెప్టెంబర్ నుంచి మళ్ళీ రాస్తాను.


గాదంకి దారి

పనికొస్తాయా అని అడుగుతారేంటండీ, ఇవాళే పంపండి. ఫోటోలో పేజీ పైన తేదీ కోసేయకుండా తీయండి చాలు.